మందుపాతర: గంటల అవసరం, తరాల భారం

రాయలసీమ, తెలంగాణ పల్లెలలోని పెద్దలకు పాతర అనగానే జొన్నలు గుర్తుకు వస్తాయి. పంట బాగా పండిన ఏడు నేలలో గోతిని త్రవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరచి, గింజలు పోసి, పైన మన్ను కప్పి మూసేవారు. కరువు వచ్చిన ఏడు ఆ పాతరే కుటుంబాన్ని ఆదుకునేది. అది ఎక్కడ ఉన్నదో ఇంటివారికి కచ్చితంగా తెలుసును. తెరిచిన వెంటనే ఎవరూ లోపలికి దిగేవారు కారు. చెడుగాలి పోయేవరకు ఆగి దిగేవారు. దాచినవాని జ్ఞాపకం, తీసేవాని జాగ్రత్త, ఈ రెండూ ఉంటేనే పాతర మేలు చేసేది.

ఆ మాటకు ముందు తుపాకిమందును సూచించే 'మందు' చేరినప్పుడు అర్థం తలక్రిందులైనది. అయినా మందుపాతర విషయంలోనూ అసలు ప్రశ్న అదే: దాచినవారికి చోటు గుర్తున్నదా? తీయవలసిన సమయంలో తీసేవారున్నారా? ఆధునిక యుద్ధతంత్రంలో మందుపాతర తెచ్చిన చిక్కు అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతున్నది. సైన్యానికి దీని అవసరం కొన్ని గంటలు, కొన్ని దినాలు, మహా అయితే కొన్ని మాసాలు. నేలలో దాని ఆయుష్షు మాత్రం దశాబ్దాలు.

సేనాని లెక్క

కోటను ముట్టడించినవారు గోడ క్రిందికి సొరంగం త్రవ్వి, అందులో మందు కూరి పేల్చడం పూర్వకాలపు పద్ధతి. మొదటి ప్రపంచ యుద్ధంలో కూడ ఆ పద్ధతి కొనసాగినది. 1917 జూన్ 7న బెల్జియంలోని మెసీన్ వద్ద బ్రిటిషు సైన్యం జర్మనుల స్థావరాల క్రింద 19 మందుపాతరలను ఒకేసారి పేల్చినది. అదే యుద్ధంలో టాంకు రంగప్రవేశం చేయడంతో మందుపాతర రూపం మారినది. తుపాకిగుండ్లకు లొంగని ఆ వాహనాన్ని ఆపడానికి జర్మన్ సైనికులు ఫిరంగిగుండ్లను దారిలో పాతిపెట్టడం ప్రారంభించినారు. శత్రువే తన బరువుతో పేల్చుకొనే ఆయుధం ఆ విధంగా ప్రచారంలోకి వచ్చినది.

శత్రువును చంపడమే మందుపాతర ప్రయోజనమని సామాన్యంగా అనుకుంటారు. సేనాని దృష్టిలో దాని ముఖ్య ప్రయోజనం వేరు: అది కాలాన్ని సంపాదించి పెడుతుంది. విశాలమైన మైదానంలో శత్రువు ఏ వైపునుండైనా రావచ్చును. అన్నివైపులా సైన్యాన్ని నిలపడం ఏ దేశానికీ సాధ్యం కాదు. అందుచేత కొంత భాగంలో మందుపాతరలు పాతి, మరికొంత భాగాన్ని విడిచిపెడతారు. శత్రువు ఆగి దారి వెదకుకోవాలి, లేదా విడిచిన దారిలోకి మళ్ళాలి. ఆ దారిపై ఫిరంగులు ముందే గురిపెట్టి ఉంటాయి. దీనినిబట్టి యుద్ధశాస్త్రంలో ఒక సూత్రం ఏర్పడినది: కాల్పుల కాపలా లేని మందుపాతరల క్షేత్రం అడ్డంకిగా నిలువదు. చూచేవారు, కాల్చేవారు లేకపోతే శత్రువు తీరికగా వాటిని ఏరుకొని ముందుకు సాగుతాడు.

ఎల్ అలమైన్ ఇసుకలో

ఈ లెక్క ఎంత పెద్ద ఎత్తున పనిచేయగలదో 1942లో ఈజిప్టులోని ఎల్ అలమైన్ వద్ద లోకానికి తెలిసినది. ఉత్తరాన మధ్యధరా సముద్రం, దక్షిణాన వాహనాలు సాగలేని కత్తారా పల్లపు ప్రాంతం. నడుమ సుమారు 60 కిలోమీటర్ల ఇసుక నేల. పెట్రోలు కొరతతో, తక్కువ బలగంతో ఉన్న జర్మన్ సేనాని రోమెల్ ఆ నేలలో సుమారు 5 లక్షల మందుపాతరలను పాతించినాడు. వాటిని 'సైతాను తోటలు' అని పిలిచేవారు.

అక్టోబరు 23 రాత్రి బ్రిటిషు సైన్యం దాడి ప్రారంభించినది. ఆ దాడి మొదటి ఘట్టానికి పెట్టిన సంకేతనామానికి 'తేలికపాటి అడుగు' అని అర్థం. పాతరలలో అత్యధిక భాగం టాంకుల కొరకు పెట్టినవి గనుక కాలిబంటు బరువుకు పేలవు. కాలిబంట్లు ముందు నడవగా, వారి వెనుక సాపర్లనే ఇంజనీరు దళాలవారు ఇసుకను వెదకుతూ టాంకులకు ఇరుకైన దారులు తీసినారు. పోలండు సైనికాధికారి యూజెఫ్ కొసాత్స్కీ రూపొందించిన, లోహాన్ని పసిగట్టే పరికరం ఆ పనికి ఎంతో తోడ్పడినది. అయినా దారులు అనుకున్న వేళకు పూర్తికాలేదు. ఇరుకు దారులలో టాంకులు ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోయినవి. శత్రుపంక్తిని ఛేదించడానికి సుమారు 12 దినాలు పట్టినది. భారత 4వ డివిజను ఆ యుద్ధంలో రువైసాత్ గుట్ట వద్ద పాల్గొన్నది.

రోమెల్‌కు కావలసిన కాలం లభించినది; అది చాలలేదు. అతని సైన్యం పడమటికి తరలిపోయినది. పాతరలు మాత్రం అక్కడే ఉండిపోయినవి. ఎనభై ఏండ్లు దాటినా ఈజిప్టు పడమటి ఎడారిలో వాటిని, పేలని గుండ్లను ఏరే పని పూర్తి కాలేదు. ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని పశువుల కాపరులు, వారి మనుమలు ఆ మూల్యం చెల్లించినారు.

రెండు రకాలు

నిర్మాణంలో మందుపాతర సులభమైన వస్తువు. పైన ఒక మూత, లోపల పేలుడుపదార్థం, నడుమ దానిని రగిలించే డిటొనేటరు. మూతపై నిర్ణీతమైన బరువు పడగానే లోపలి స్ప్రింగు లేక పళ్ళెం వంగి, సూది డిటొనేటరును పొడుస్తుంది.

టాంకుల కొరకు ఉద్దేశించిన పాతరలో సామాన్యంగా 5 నుండి 10 కిలోగ్రాముల పేలుడుపదార్థం ఉంటుంది. అది పేలడానికి నూరు కిలోగ్రాములకు పైబడిన బరువు కావాలి. మనుషుల కొరకు ఉద్దేశించినది అరచేతిలో ఇమిడిపోతుంది. ఎం-14 అనే రకంలో ఉండే పేలుడుపదార్థం సుమారు 30 గ్రాములు. పది, పదిహేను కిలోగ్రాముల ఒత్తిడి దానికి చాలును. చిన్నబిడ్డ అడుగు కూడ దానిని పేల్చగలదు. చంపడం కంటె పాదాన్ని ఛిద్రం చేయడం దీని లక్ష్యం. గాయపడిన సైనికుని మోయడానికి మరి కొందరు యుద్ధం మానుకోవలసి వస్తుందనే క్రూరమైన గణితం దీని వెనుక ఉన్నది.

ఈ రెండవ రకం పుట్టుక గమనింపదగినది. టాంకుల పాతరలను శత్రుసైనికులు రాత్రివేళ వచ్చి తీసుకొనిపోతుండగా, వాటికి కాపలాగా ఈ చిన్న పాతరలను చుట్టూ పాతడం మొదలైనది. ఆ కాపలా ఆయుధమే తరువాత స్వతంత్రమై ప్రపంచమంతటా వ్యాపించినది.

దారి తీసినవారు

మందుపాతరల క్షేత్రంలో దారి తీయడం యుద్ధంలోని అన్ని పనులలోనూ ఓర్పు ఎక్కువగా కోరే పని. ఆ చరిత్రలో భారత సాపర్లకు ప్రముఖస్థానం ఉన్నది. 1941 ఆరంభంలో అబిసీనియా సరిహద్దున మెటెమ్మా పట్టుబడిన తరువాత, వెనుదిరిగిన ఇటాలియన్లను తరుముతున్న సైన్యానికి ముందు సెకండు లెఫ్టినెంటు ప్రేమీంద్ర సింగ్ భగత్ సాగినారు. 4 దినాలలో సుమారు 88 కిలోమీటర్ల దారిలో 15 చోట్ల పాతరలను కనిపెట్టి తీయించినారు. రెండు పర్యాయాలు ఆయన వాహనం పేలిపోయినది. ఒక చెవిపొర చిరిగినది. అయినా మరొకరికి ఆ పని అప్పగించడానికి అంగీకరించలేదు. విక్టోరియా క్రాసు ఆయనను వరించినది.

స్వతంత్ర భారతంలో ఆ సంప్రదాయాన్ని రామా రాఘోబా రాణే కొనసాగించినారు. 1948 ఏప్రిల్ 8 నుండి 11 వరకు నౌషేరా-రాజౌరీ మార్గంలో మందుపాతరలను, రోడ్డుకు అడ్డంగా కూల్చిన చెట్లను తొలగిస్తూ ఆయన టాంకులకు దారి తీసినారు. మోర్టారు దెబ్బకు తొడపై గాయమైనా పని విడువలేదు. రాజౌరీ ప్రజలకు సహాయం సకాలంలో అందడానికి ఆ దారియే కారణమైనది. పరమవీరచక్రను సజీవంగా అందుకొన్న మొదటి సైనికుడు రాణే.

1971 డిసెంబరులో షకర్‌గఢ్ ప్రాంతంలోని బసంతర్ నది దాటి భారత కాలిబంట్లు నిలదొక్కుకున్నారు. వారికి టాంకుల అండ కావాలి. నడుమ లోతైన మందుపాతరల క్షేత్రం. సాపర్ల పని సగంలో ఉండగానే శత్రువు టాంకులు కదులుతున్నవని కబురు వచ్చినది. దారి పూర్తి కాకుండానే పూనా హార్స్ టాంకులు ఆ క్షేత్రంలోకి దిగినవి. మరునాటి పోరులో 21 ఏండ్ల సెకండు లెఫ్టినెంటు అరుణ్ ఖేతర్‌పాల్ ప్రాణమర్పించి పరమవీరచక్ర పొందినారు. ఆ దారులు తీసే పనికి నాయకత్వం వహించిన మేజరు విజయ్ రత్తన్ చౌధరి కూడ ఆ యుద్ధంలోనే మరణించినారు. ఆయనకు మహావీరచక్ర లభించినది.

ఈ మూడు ఘట్టాలలోనూ ఒక సామ్యం కనబడుతుంది. ఎదురుగా ఉన్నవి సైన్యం సైన్యానికి ఎదురుగా పెట్టిన పాతరలు. సాపర్లు వెళ్ళినది తెలిసి వెళ్ళిన ప్రమాదంలోకి. యుద్ధం ముగిసిన తరువాత అదే పాతరపై కాలు మోపే రైతుకు ఆ తెలివిడి ఉండదు.

పటం లేని పాతర

క్రమశిక్షణ గల సైన్యం పాతిన ప్రతి క్షేత్రానికీ పటం వ్రాస్తుంది. ఎక్కడ మొదలై, ఏ వరుసలో, ఎంత ఎడంతో, ఎన్ని పాతినదీ అందులో ఉంటుంది. ఈ నియమం సడలిన చోటనే మందుపాతర సైనిక సమస్య నుండి సామాజిక సమస్యగా మారినది.

1979లో సోవియట్ సైన్యం ప్రవేశించిన తరువాత అఫ్గానిస్తాన్‌లో జరిగినది ఇందుకు ఉదాహరణ. కొండదారులపై విమానాల నుండి సీతాకోకచిలుక ఆకారపు చిన్న పాతరలను వెదజల్లినారు. రెక్క వంటి భాగం వలన అవి గాలిలో తేలుతూ దిగేవి. ఆకాశం నుండి చల్లినవాటికి పటం ఎక్కడిది? వింత ఆకారం చూచి పిల్లలు చేతిలోకి తీసుకునేవారు. 1989లో సోవియట్ సేనలు నిష్క్రమించినా, తరువాతి అంతర్యుద్ధాలు పొలాలలో, కాలువగట్లపై మరిన్ని పాతరలను చేర్చినవి.

ప్రకృతి కూడ పటాన్ని చెరిపివేస్తుంది. ప్లాస్టిక్కు తొడుగు గల చిన్న పాతర తేలికైనది. వరదనీటిలో అది కొట్టుకొనిపోగలదు. కొండచరియలు, మంచు జారినప్పుడు వాటితో పాటు లోయలోకి దిగగలదు. ఇసుక దిబ్బ కదిలితే అడుగు లోతున ఉన్నది అయిదడుగుల క్రిందికి పోతుంది, లేదా పైకి తేలుతుంది.

తిరుగుబాటు పోరాటాలలో వాడే పాతరలు మరొక కోవకు చెందినవి. శ్రీలంకలో ఎల్.టి.టి.ఇ. కొయ్యపెట్టెలో అమర్చిన పాతరలను సొంతంగా తయారుచేసినది. 1987 నుండి 1990 వరకు అక్కడ ఉన్న భారత శాంతిదళం వాటి వలన నష్టపడినది. తెలుగు పత్రికల పాఠకులకు ఈ మాట బాగా పరిచయమైనది కూడ నక్సలైట్ల దాడుల మూలంగానే. కల్వర్టు క్రింద మందు కూరి, దూరాన పొంచి ఉన్నవాడు తీగ ద్వారా పేల్చే పద్ధతి అది. 2003 అక్టోబరు 1న తిరుపతి సమీపాన అలిపిరి వద్ద అప్పటి ముఖ్యమంత్రి వాహనశ్రేణిపై జరిగిన దాడి ఇటువంటిదే. ఈ ప్రమాదానికి జవాబుగా, అడుగుభాగం నాగలికర్రువలె కోణాకారంలో ఉండి పేలుడు శక్తిని ఇరుప్రక్కలకు మళ్ళించే వాహనాలు వచ్చినవి. వాటిని నిర్మించిన కర్మాగారాలలో ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారం ఒకటి.

సరిహద్దు పొలాలు

2001 డిసెంబరు 13న పార్లమెంటు భవనంపై దాడి జరిగిన తరువాత భారత, పాకిస్తాన్ సైన్యాలు సరిహద్దుకు తరలినవి. ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో 2002 అక్టోబరు వరకు సాగిన ఆ మోహరింపులో పంజాబు, రాజస్థాన్, జమ్మూ సరిహద్దుల పొడవునా విస్తారంగా మందుపాతరలు పాతినారు. అవతల పాకిస్తాన్ కూడ అట్లే చేసినది. యుద్ధం రాలేదు. సైనికదృష్టితో చూస్తే పాతరలు తమ పని చేసినవనే చెప్పవచ్చును.

పాతినది మాత్రం సాగుభూమిలో. సరిహద్దు రైతులు పంటకాలాలను కోల్పోయినారు. ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వవలసి వచ్చినది. పశువులు చనిపోయినవి, పాతడంలోనూ తీయడంలోనూ సైనికులు బలి అయినారు. పటాలు ఉన్నందువలన సైన్యం ఆ భూములలో అత్యధిక భాగాన్ని శుభ్రపరచి రైతులకు అప్పగించగలిగినది. అయినా ఆ పని మోహరింపు కంటె దీర్ఘకాలం సాగినది. పటం ఉన్నచోటనే ఇంత శ్రమ అయితే, అది లేనిచోట సంగతి ఊహించవచ్చును.

చట్టం, దాని హద్దులు

మందుపాతరలపై అంతర్జాతీయ నియమాలు రెండు మార్గాలలో నడిచినవి. మొదటిది కట్టడి. 1980 నాటి ఒప్పందాన్ని సవరించి 1996లో చేసిన నిబంధనల ప్రకారం, మనుషుల కొరకు పెట్టే ప్రతి పాతరలోనూ పరికరానికి దొరికేటట్లు కనీసం 8 గ్రాముల ఇనుముకు సమానమైన లోహసంకేతం ఉండాలి. క్షేత్రాల పటాలు భద్రపరచాలి. తమంతట తాము నిర్వీర్యం కాని పాతరలు ఉన్నచోట కంచె, హెచ్చరిక గుర్తులు, కాపలా ఉండాలి. పోరు ముగియగానే ఆలస్యం లేకుండా తొలగించాలి. భారతదేశం 1999లో ఈ నిబంధనలను ఆమోదించినది.

రెండవది నిషేధం. 1997 డిసెంబరులో కెనడా రాజధాని ఒట్టావాలో సంతకాలకు వచ్చిన ఒడంబడిక, మనుషుల కొరకు పెట్టే పాతరల వాడకం, తయారీ, నిల్వ, బదిలీలను పూర్తిగా నిషేధించినది. ఆ ఉద్యమానికి అదే ఏడు నోబెల్ శాంతి బహుమతి లభించినది. 160కి పైగా దేశాలు ఇందులో చేరినవి. దక్షిణాసియాలో బంగ్లాదేశ్, మాల్దీవులు, అఫ్గానిస్తాన్, భూటాన్, శ్రీలంక చేరగా, భారత, పాకిస్తాన్, నేపాల్ చేరలేదు. అమెరికా, రష్యా, చైనాలు కూడ వెలుపలనే ఉన్నవి. పొడవైన సరిహద్దుల రక్షణకు అదే ఖర్చుతో పనిచేసే ప్రత్యామ్నాయం దొరికినప్పుడు ఈ ఆయుధాన్ని విడువవచ్చునని, అంతిమంగా ఇది తొలగిపోవలసినదేనని భారతదేశపు వైఖరి.

ఈ వాదనలో బలం లేకపోలేదని ఐరోపా అనుభవం చూపినది. 2023లో ఉక్రెయిను చేపట్టిన ఎదురుదాడి దక్షిణాన జపొరీజియా ప్రాంతంలో రష్యా పాతిన దట్టమైన మందుపాతరల ముందు నిలిచిపోయినది. ఎల్ అలమైన్ సూత్రం ఎనిమిది దశాబ్దాల తరువాత కూడ పనిచేసినది. పాతరలను ఏరేవారిని ఈసారి ఆకాశం నుండి డ్రోనులు కూడ కనిపెట్టినవి. అది చూచిన ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిన్లాండు, పోలండు 2025లో ఒట్టావా ఒడంబడిక నుండి వైదొలగ నిశ్చయించినవి. భయం పెరిగినప్పుడు నిషేధం సడలుతుందనడానికి ఇది నిదర్శనం. అటువంటి వేళ కట్టడి నియమాల విలువ మరింత పెరుగుతుంది.

ఏరివేత

పాతరను తయారుచేయడానికి కొద్ది డాలర్లు చాలును. దానిని కనిపెట్టి తీయడానికి వందల డాలర్లు కావాలి. తీసేవారు మోకాళ్ళపై కూర్చుండి, పరికరంతో వెదకి, మ్రోగినచోట సన్నని ఊచను ఏటవాలుగా గుచ్చుతూ మన్ను తొలగిస్తారు. మ్రోగినవాటిలో ఎక్కువ మేకులు, డబ్బామూతలే. ఏ ఒక్కదానినీ మేకు అనుకొని విడువడానికి వీలులేదు. అందువలన రోజంతా పనిచేసినా ఒక మనిషి శుభ్రపరచేది కొన్ని చదరపు మీటర్లు మాత్రమే.

శ్రీలంక ఉత్తరప్రాంతంలో ఈ పనిని ఎందరో స్త్రీలు చేపట్టినారు; వారిలో యుద్ధంలో భర్తలను కోల్పోయినవారు ఉన్నారు. మన సైన్యపు ఇంజనీరు విభాగంలో పదవీ విరమణ చేసినవారి సంస్థలు కూడ అక్కడ పనిచేసినవి. పేలుడుపదార్థపు వాసనను పసిగట్టే శిక్షణ పొందిన ఆఫ్రికా ఎలుకలను కంబోడియాలో వాడుతున్నారు. వాటి బరువు తక్కువ గనుక పాతర పేలదు. మగావా అనే ఎలుక అయిదేండ్లలో 71 మందుపాతరలను కనిపెట్టి, 2022లో మరణించినది.

కాలు కోల్పోయినవారికి మన దేశం అందించిన సహాయం స్మరింపదగినది. 1968 ప్రాంతంలో జైపూర్‌లో వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి రబ్బరుతో ఒక కృత్రిమ పాదాన్ని రూపొందించినారు. విదేశీ పాదం బూటు కొరకు చేసినది. ఇది ఒట్టికాళ్ళతో నడిచే రైతు కొరకు చేసినది. దీనితో బురదపొలంలో దిగవచ్చును, గొంతుకూర్చుండవచ్చును. 1975 నుండి భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీనిని ఉచితంగా అందిస్తున్నది. అఫ్గానిస్తాన్‌తో సహా ఎన్నో దేశాలలో మందుపాతర బాధితులు ఈ పాదంతో మరల నడిచినారు.

గుర్తుపెట్టిన చోటు

దక్షిణాసియాలోనే ఒక ఆశాజనకమైన ఉదాహరణ ఉన్నది. పదేండ్ల అంతర్యుద్ధం తరువాత 2006లో నేపాల్‌లో కుదిరిన శాంతి ఒప్పందంలో, పాతరలు ఎక్కడ ఉన్నవో ఇరుపక్షాలు 30 దినాలలో ఒకరికొకరు తెలుపుకోవాలనే షరతు వ్రాసుకున్నారు. సైన్యం పాతిన 53 క్షేత్రాలకు గుర్తులు ఉన్నవి. ఆలస్యమైనా పని ఆగలేదు. 2011 జూన్‌లో చివరి క్షేత్రం కూడ శుభ్రమైనది. నేపాల్ ఒట్టావా ఒడంబడికలో లేదు. అయినా తన నేలను బాగుచేసుకున్నది.

మందుపాతర అవసరమా, కాదా అనే వాదం దేశాల నడుమ నమ్మకం కుదిరేవరకు తెగకపోవచ్చును. అంతవరకు కూడ సేనాని లెక్కలో చేరవలసిన పద్దు ఒకటి ఉన్నది. పాతడానికి పట్టే గంటలతో పాటు, చివరి పాతరను తీసి రైతును తిరిగి పొలంలోకి పంపేవరకు పట్టే ఏండ్లు కూడ యుద్ధపు ఖర్చే. ఆ పద్దు మొదటినాడే వ్రాసుకున్నచోట నేల మరల పంటకు వచ్చినది. వ్రాయనిచోట, యుద్ధం పేరు మరచిపోయిన తరం కూడ దాని దెబ్బ తింటూనే ఉన్నది.